శాల్తీలను ‘మీరు’ అన్న మాస్టారు

మాస్టారు పోయారన్న కబురు నాకు పరీక్ష హాల్లో తెలిసింది. నేను తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆ పూట ఇన్విజిలేషన్. హాల్లో ఫోన్ చూడకూడదని పిల్లలకు చెప్పి నేనే చూశాను. ఏలూరు డిగ్రీ కాలేజీ పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో మాస్టారి ఫొటో పెట్టి, కింద ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాశారు. దాని కింద దండాల బొమ్మలు వరసగా పడుతున్నాయి. తలెత్తి చూస్తే నా ఎదుట పిల్లలందరూ జావా ప్రోగ్రామింగ్‌లో ఇన్‌హెరిటెన్స్ గురించి పది మార్కుల జవాబు రాస్తున్నారు. బల్లల మధ్య ఒకసారి తిరిగాను. ప్రతి కాగితం మీదా జంతువు, జంతువు నుంచి కుక్క. ఒక్కరు కూడా ఇంకో ఉదాహరణ రాయలేదు. నేను చెప్పింది అదొక్కటే మరి. ఆయన దగ్గర చదువుకున్నదాన్ని, నేను చెప్పింది అదొక్కటే.

మీలో ఎవరూ ఆయన గురించి విని ఉండరు. విని ఉండాల్సినంత పెద్దవాణ్ని అని ఆయనా ఎప్పుడూ అనుకోలేదు. మొదట స్కూల్లో లెక్కలు చెప్పేవారు, తరవాత మా డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెప్పారు. లెక్కల మాస్టారి పిలుపే చివరిదాకా మిగిలింది, ఎవరూ ఆయన్ని సార్ అనలేదు. ఆయన చేసిన పని ఒకటుంది. పల్లెల నుంచి తెలుగు మీడియంలో వచ్చే మొదటి సంవత్సరం పిల్లల కోసం ఒక ప్రోగ్రామింగ్ భాష తయారు చేశారు. తెలుగులో. ఒక్కరే, ఇంట్లో కూర్చుని. దానికి ఆయన ఏ పేరూ పెట్టలేదు. మేము ‘అండీ భాష’ అనేవాళ్లం. ఎందుకన్నామో చెబుతాను.

మాది మండవల్లి పక్క ఊరు. నాన్న చేపల చెరువు మీద కాపలా ఉండేవారు. కైకలూరు మీదుగా కొల్లేరు దాటి ఏలూరు వచ్చే బస్సులో, చేపల లారీల వెనక ఐసు నీళ్ల వాసన పీలుస్తూ కాలేజీకి వచ్చేదాన్ని. మొదటిరోజు ల్యాబ్‌లో మాస్టారు నా దగ్గరికొచ్చి అడిగారు.

“మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?”

“చెరువు కాపలా అండి.”

“ఆ చెరువు లోతెంతండి?”

“నాకు తెలియదండి.”

“మరి ఎవరికి తెలుసు?”

నాకు భయం వేసింది, పైగా కోపం కూడా వచ్చింది. అందరి ముందూ నన్నే ఎందుకు నిలబెట్టారని. “చెరువుకే తెలియాలండి” అన్నాను. ల్యాబంతా ఘొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. ఎంతో ఇష్టమైన వాళ్లు ఇంటికొచ్చినట్టు మొహం పెట్టి, “అదేనమ్మా! మనమెందుకు కొలవడం? చెరువునే అడుగుదాం” అన్నారు. నా కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు లైన్లలో ఒక చెరువును పుట్టించి, ‘చెరువు గారూ, లోతు చెప్పండి’ అని కొట్టారు. తెర మీద ‘అయిదడుగులండి’ అని వచ్చింది.

ఆబ్జెక్టుల పద్ధతి అంటే అంతే. కంప్యూటరుకు వరసగా పనులు పురమాయించడం కాదు. ప్రోగ్రాంలో చాలామంది ఉంటారు, ఎవరి సంగతి వారికి తెలుసు, ఒకరినొకరు అడిగి పని జరిపించుకుంటారు. ఇంత చిన్న విషయాన్ని ఇంగ్లీషు మాటల్లో చుట్టి పిల్లల నెత్తిన వేస్తే వాళ్లు బట్టీ పట్టడం తప్ప ఏం చేస్తారని ఆయన బాధ.

ఆ భాషలో ఏ ఆదేశమైనా ‘అండి’తోనే ముగియాలి. తొందరలో ‘లోతు చెప్పు’ అని కొడితే తెర మీద ‘నన్నేనా అండి?’ అని వచ్చేది. ఇంకొకరి లోపల దాచిన అంకెను నేరుగా మార్చబోతే ‘లోపలికి రాకండి, గుమ్మంలో నిలబడి అడగండి, చెబుతాను’ అనేది. ఎందుకీ మర్యాదలండీ అని మా బ్యాచ్ అబ్బాయి ఒకడు విసుక్కున్నాడు. మాస్టారు వాడి పక్కన కూర్చున్నారు.

“మీ అమ్మగారు పక్కింటికి పంచదారకి పంపితే, మీరు తిన్నగా వాళ్ల వంటింట్లోకెళ్లి డబ్బా మూత తీస్తారా?”

“లేదండి. ఏవండీ అని పిలుస్తానండి.”

“పక్కింటావిడే తెచ్చిస్తారు కదా. ఆ డబ్బా ఏ అలమారలో ఉందో మీకెందుకండి? రేపు ఆవిడ అలమార మార్చుకుంటే మీకేం ఇబ్బంది లేదు. అదీ మర్యాద వల్ల లాభం.”

ఇంగ్లీషులో ఎన్‌కాప్సులేషన్ అనే ఈ సంగతి మీద నేను ఆ తరవాత చాలా పుస్తకాలు చదివాను. ఆ పంచదార డబ్బాకి మించి నాకు ఏదీ ఎక్కలేదు.

మాటల కోసం ఆయన పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మొదట క్లాస్ అనే దానికి ‘తరగతి’ అని పెట్టారు. మేము ‘తరగతి: చేప’ అని రాసి, కింద ‘అయిదు’ అని కూడా రాశాం. ఎన్నో తరగతో చెప్పాలి కదా అనుకున్నాం. మర్నాడు అది ‘అచ్చు’ అయింది. ఒక ఇటుక అచ్చుతో ఎన్ని ఇటుకలైనా తీయొచ్చు, అచ్చు ఇటుక కాదు. ఆబ్జెక్టుకు ‘వస్తువు’ అని పెడితే పిల్లలు అది మాట్లాడదు కదండి అన్నారు. చాలారోజులు దానికి మాట దొరకలేదు. ఒకరోజు ఏలూరు పాత బస్టాండ్‌లో కూలీ ఆయన సామాను చూసి, “ఎన్ని శాల్తీలండి?” అని అడిగాడట. మాస్టారు సంచులు అక్కడే వదిలేసి బల్ల మీద కూర్చుని కాగితం తీశారు. సంచీ అయినా శాల్తీయే, మనిషయినా శాల్తీయే. ఇంతకంటే ఆబ్జెక్టుకు ఏం కావాలి? మేమంతా పడీ పడీ నవ్వాం. శాల్తీని మీరు అనడమేమిటండీ అన్నాం. “ఎవరినైనా మీరు అంటే మనకి పోయేదేముందమ్మా” అన్నారాయన. మమ్మల్ని కూడా అలాగే పిలిచేవారు. పదిహేడేళ్ల పిల్లలం, అంతవరకు మమ్మల్ని మీరు అన్నవాళ్లు లేరు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక అచ్చు నుంచి ఇంకో అచ్చు గుణాలు తెచ్చుకోవడానికి, అంటే ఇన్‌హెరిటెన్స్‌కి, ఆయన ‘వారసత్వం’ అని పెట్టారు. అన్ని పుస్తకాల్లోనూ అదే ఉంది. నేను ‘చెరువు’ అనే అచ్చు రాశాను. ‘రొయ్యల చెరువు’ అని రాసి దానికి చెరువు వారసత్వం ఇచ్చాను. ఇచ్చాక మొదటి దాన్ని చెరిపేశాను. ప్రోగ్రాం నడవలేదు. ‘మా పెద్దవారు కనిపించడం లేదండి’ అని తెర మీద వచ్చింది.

“పెద్దాయన్ని ఎందుకు తీసేశారమ్మా?”

“వారసత్వం వచ్చేసింది కదండి. ఇంక ఆయన ఉండకూడదు కదండి.”

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టుకున్నారు. ఆ ఏడే మా తాతగారు పోయారు, అరెకరం ముక్క నాన్న పేరు మీదకి వచ్చింది. నాకు తెలిసిన వారసత్వం అదే, పెద్దవాళ్లు పోతే వచ్చేది. తిడతారేమోనని నిలబడ్డాను. “కూర్చోండమ్మా. మీరు సరిగ్గానే రాశారు. మాట నేను తప్పు పెట్టాను” అన్నారు. మర్నాడు ఆ చోట ‘పోలిక’ అని ఉంది. రొయ్యల చెరువు, చెరువు పోలిక. “తండ్రి బతికి ఉండగానే బిడ్డకి పోలిక వస్తుంది చూశారా, ఆయన్ని తీసెయ్యక్కర్లేదు” అని అందరికీ చెప్పారు, నా పేరు చెప్పకుండా.

పిల్లలు తప్పు చేస్తే ముందు మాటని అనుమానించాలి అనేది ఆయన పద్ధతి. మొదట్లో తెలియని ఆదేశం కొడితే ‘తప్పు’ అని వచ్చేది. మా బ్యాచ్‌లో ముదినేపల్లి నుంచి వచ్చే అమ్మాయి తెర మీద ఆ మాట చూడగానే లేచి నిలబడింది. స్కూల్లో అలవాటు. మాస్టారు ఆ వారమే దాన్ని తీసేశారు. “రానిది తప్పెలా అవుతుంది? మనం నేర్పలేదు, అంతే కదండి” అన్నారు. ఆ తరవాత తెలియని మాట ఏది కొట్టినా ‘ఆ మాట నాకు ఇంకా నేర్పలేదండి’ అని వచ్చేది. కింద ‘చెప్పండి’ అని మళ్లీ ఎదురుచూసేది.

ఆ భాషకి ఒక పెద్ద లోపం ఉంది. అచ్చులు ఫైల్లో దాచుకోవచ్చు కానీ, వాటితో మేము పుట్టించుకున్న శాల్తీలు కంప్యూటర్ ఆగితే పోయేవి. మాకు కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. గంటసేపు చెరువులూ పడవలూ మేత బస్తాలూ ఒకటొకటిగా పుట్టించి, వాటికి పేర్లు పెట్టి, ఒకదానితో ఒకటి మాట్లాడిస్తూ ఉంటే టప్పుమని తెరలు నల్లబడేవి. ల్యాబంతా అయ్యో అని ఒక్క అరుపు. “శాల్తీలన్నీ గల్లంతయ్యాయండి!” అని మేము నవ్వేవాళ్లం. మాస్టారు మాత్రం ప్రతిసారీ నొచ్చుకునేవారు. పిల్లలు ప్రేమగా చేసుకున్నవి అలా పోకూడదు అనేవారు. దానికొక ఆదేశం రాయాలని ఆయన కోరిక. ఆ మాట కూడా ముందే కుదుర్చుకున్నారు. ‘గుర్తుంచుకోండి.’ శాల్తీని అలా అడిగితే అది తనను తాను దాచుకోవాలి, మర్నాడు పిలిస్తే పలకాలి.

చదువయ్యాక రెండేళ్లు అదే కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేశాను. అప్పుడు ఆ భాష లోపలి పనంతా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. కీబోర్డు మీద అంటించే తెలుగు అక్షరాల చీటీలు కత్తిరించడం దగ్గర నుంచి, మాటను విడగొట్టి అర్థం చేసుకునే భాగం దాకా. ఆ ప్రోగ్రాం లోపల ఏముందో ఆయన తరవాత తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇది గొప్పకి చెప్పడం లేదు. చెప్పకపోతే నా నేరం మీకు అర్థం కాదు.

ఆయన అడిగింది ఆరు వారాలు. “ఆరు వారాలు నాకివ్వండి చాలు, ఆ తరవాత జావాకి పంపుతారో ఎక్కడికి పంపుతారో మీ ఇష్టం” అని ప్రతి ఏడూ కాలేజీ వాళ్లని బతిమాలుకునేవారు. తల్లిదండ్రులు వచ్చి తెలుగులో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటే ఉద్యోగం ఎవరిస్తారండీ అని అడిగేవారు. స్టాఫ్ రూంలో ఏకంగా పాట కట్టారు, కంప్యూటర్ గారూ కాఫీ తాగండి అని. ఆరు వారాలు నాలుగయ్యాయి, నాలుగు ఒక సెమినార్ అయింది. ఆయన రిటైరైన ఏడు ల్యాబ్‌లోకి కొత్త మెషిన్లు వచ్చాయి. వాటి మీద అండీ భాష నడవలేదు. నడిపించాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. నేను అప్పటికే తాడేపల్లిగూడెంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాను.

తరవాత షుగర్ ఆయన కళ్లను తినేసింది. తెర మీద అక్షరాలు కనబడని రోజు నాకు ఫోన్ చేశారు.

“అమ్మా, బాగున్నారా? ఒక చిన్న పని మిగిలిందండి. ‘గుర్తుంచుకోండి’ ఒక్కటీ రాసేస్తే నాకు తృప్తి. నేను చెబుతాను, మీరు కొడతారా?”

“అయ్యో, వస్తానండి మాస్టారూ. ఆదివారం వస్తానండి.”

రెండు ఆదివారాలు వెళ్లాను. పవర్‌పేట వైపు వాళ్ల చిన్న ఇంట్లో, ముందు గదిలో పాత కంప్యూటర్ మీద కుట్టుపని గుడ్డ కప్పి ఉండేది. ఆయన కళ్లు మూసుకుని తన ప్రోగ్రాంలో ఎక్కడేముందో వేలితో గాలిలో చూపిస్తూ చెప్పేవారు. సగం దారి కూడా రాలేదు. మూడో ఆదివారం మా కాలేజీలో అడ్మిషన్ల డ్యూటీ వేశారు. చింతలపూడి వైపు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి, మా కాలేజీలో చేర్పించండని తల్లిదండ్రులను బతిమాలే పని. అది అయిపోయింది. ఆ తరవాత పరీక్షలు, ఆ తరవాత ఇంకేదో. వచ్చే ఆదివారం వస్తానండి అన్నాను. సెలవులివ్వగానే వస్తానండి అన్నాను. ఆయన ఎప్పుడూ “అలాగేనమ్మా, మీ వీలు చూసుకోండి” అనేవారు. మరో నాలుగు ఆదివారాలు కూర్చుంటే అయిపోయే పని. ఎవరూ నన్ను ఆపలేదు. తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు ఎంత దూరం, రైలెక్కితే గంట కూడా పట్టదు. ఒక్కసారి ఆయన అరిచి ఉంటే వెళ్లేదాన్నేమో. మీరు అని పిలిచే మనిషి అరవడు కదా, ఆ మంచితనాన్ని నేను వాడుకున్నాను.

సమాధి కార్యక్రమానికి పాత విద్యార్థులు పదిమందికి మించి రాలేదు. పాదిరిగారు ఆయన ఓర్పు గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. భాష సంగతి ఆయనకి తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. బయట చెప్పుల దగ్గర, ఇప్పుడు హైదరాబాదులో పెద్ద కంపెనీలో ఉన్న క్లాస్‌మేట్ ఒకతను నా చెయ్యి పట్టుకుని, “మాస్టారి భాషకి వారసురాలివి నువ్వే” అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు పాపం. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. పదిహేడేళ్లప్పుడు నేను రాసిందే నిజమైంది. పెద్దాయన ఉండగా నాకు ఆయన పోలిక రాలేదు. పోయాక వారసత్వం మాత్రం వచ్చింది.

జ్ఞాపకార్థ కూడిక అయిన మర్నాడు పొద్దున్న ఆ ఇంటికి మళ్లీ వెళ్లాను. మాస్టారి భార్యను మేము అమ్మగారు అంటాం. ఆవిడ నాకు కాఫీ ఇచ్చి, ఒక నోటు పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టారు. భాషలోని మాటలన్నీ అందులో ఉన్నాయి. ఏ మాట ఎక్కడ దొరికిందో పక్కనే రాసుకున్నారు. శాల్తీ పక్కన ‘బస్టాండ్ కూలీ ఇచ్చారు’ అని. పోలిక పక్కన ‘మండవల్లి అమ్మాయి తప్పు దిద్దారు’ అని. అంటే ఆయన తప్పు నేను దిద్దానట. చివరి పేజీలో అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కి, లైను దాటి పోయి ఉన్నాయి. కళ్లు పోతున్న రోజుల్లో రాసినవి. ‘గుర్తుంచుకోండి. మాట కుదిరింది. మిగిలిన పని మండవల్లి అమ్మాయి చేస్తారు.’

“ఏవమ్మా, మీరొస్తారని ప్రతి ఆదివారం దాని మీద దుమ్ము దులపమనేవారు” అన్నారు అమ్మగారు, కంప్యూటర్ వైపు చూపిస్తూ. “పొద్దున్నే కుర్చీ కూడా వేయించేవారు. ఒకసారి ఆన్ చేసి చూపిస్తారా? అదేం చేస్తుందో నేనెప్పుడూ చూళ్లేదమ్మా.”

ఆవిడ నిందించలేదు. నిందించి ఉంటే బాగుండేది. ఇది రాస్తున్నది కూడా ఊరట కోసం కాదు, ఊరట నాకు దొరకడం లేదు. దొరకాలని కూడా లేదు. ఇప్పుడు కూర్చుని ఆ పని పూర్తి చేయవచ్చు కదా అని మీరు అడగవచ్చు. రెండు రోజులు ప్రయత్నించాను. ఆయన గాలిలో వేలితో చూపించిన దారి నాకు గుర్తు లేదు. నేను ఎక్కడా రాసుకోలేదు. ఏది ఎందుకు అలా పెట్టారో అడగడానికి గుమ్మంలో ఎవరూ లేరు.

ఆరోజు మాత్రం గుడ్డ తీసి కంప్యూటర్ ఆన్ చేశాను. కీబోర్డు మీద నేను కత్తిరించిన చీటీలు అలాగే ఉన్నాయి, కొన్ని అంచులు లేచాయి. చాలాసేపు గరగరలాడి, తెర మీద ‘చెప్పండి’ అని వచ్చింది. అందులో దాచి ఉన్న పాత చెరువు అచ్చుతో ఒక శాల్తీని పుట్టించాను. ఏం పేరు పెట్టాలో తోచక ‘మాస్టారు’ అని పెట్టాను. ‘మాస్టారు గారూ, లోతు చెప్పండి’ అని కొట్టాను. ‘అయిదడుగులండి’ అంది. అమ్మగారు చిన్నపిల్లలా నవ్వారు. ఆ నవ్వు చూసి, ఏమవుతుందో తెలిసి కూడా, ఇంకో లైను కొట్టాను.

మాస్టారు గారూ, గుర్తుంచుకోండి.

ఆ మాట నాకు ఇంకా నేర్పలేదండి.

“ఏమంటోందమ్మా?” అని అడిగారు అమ్మగారు వెనక నుంచి. తెర మీద ఆ లైను కింద ‘చెప్పండి’ అని మళ్లీ వచ్చి, పక్కన గీత మినుకుమినుకుమంటూ నా కోసం ఆగి ఉంది.